తొలితరం సముద్ర ఉపగ్రహాలు మనకు మిగిల్చిందేమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

తుపాను వచ్చిన ప్రతిసారీ గాలి వేగం, అలల ఎత్తు, సముద్రపు నీటి వేడి అంటూ అంకెలు వినిపిస్తాయి. తీరానికి వెయ్యి కిలోమీటర్ల అవతల, ఒక్క ఓడ కూడా లేని చోట వాటిని ఎవరు కొలిచారన్నది చాలామందికి వచ్చే సందేహం. ఆ కొలతల పద్ధతులు చాలావరకు 1970లలో ఎగిరిన కొద్దిపాటి ఉపగ్రహాల మీద పుట్టాయి. వాటిలో అన్నిటికన్నా పేరున్నది నాలుగు నెలలు కూడా పనిచేయలేదు. దాని డేటా మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది. ఈ విషయం మీద ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి.

తొలితరం అంటే ఏ ఉపగ్రహాలు?

గట్టి గీత ఏమీ లేదు. ఇక్కడ మాత్రం 1973లో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రంలో పెట్టిన రాడార్ పరికరంతో మొదలుపెట్టి, 1992లో సముద్ర మట్టం కొలిచే టోపెక్స్/పొసైడాన్ ఉపగ్రహం వచ్చేదాకా తీసుకున్నాం. మధ్యలో జియోస్-3 (1975), సీశాట్ (1978 జూన్), టైరోస్-ఎన్, నింబస్-7 (రెండూ 1978 అక్టోబరు), మన భాస్కర-1 (1979), అమెరికా నౌకాదళం పంపిన జియోశాట్ (1985) ఉన్నాయి. ఒక్క ఏడాదిని ఎంచుకోమంటే 1978ని ఎంచుకోవాలి. సముద్రం ఎత్తు, గాలి, వేడి, రంగు, మంచు, ఈ ఐదింటినీ పైనుంచి కొలవగలమని ఆ ఒక్క ఏడాదిలోనే తేలిపోయింది.

అంతకుముందు సముద్రం గురించి ఎలా తెలిసేది?

ఓడల మీద, రేవుల్లో పెట్టిన మట్టం కొలిచే పరికరాల మీద ఆధారపడేవాళ్లు. ఓడలు సరుకు రవాణా దారుల్లోనే తిరుగుతాయి కాబట్టి దక్షిణార్ధగోళంలో చాలా భాగం పటాల మీద ఖాళీగా ఉండేది. పైగా తుపాను ఉందని తెలిస్తే ఏ కెప్టెనైనా ఓడను పక్కకు తిప్పుకుంటాడు. అంటే కొలతలు ఎక్కడ బాగా అవసరమో అక్కడే ఉండేవి కావు. ఓడ మహాసముద్రాన్ని దాటేసరికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోపు మొదట కొలిచిన చోట పరిస్థితి మారిపోతుంది.

1964లో అమెరికాలోని వుడ్స్ హోల్‌లో, అంతరిక్షం నుంచి సముద్రాన్ని చూడొచ్చా అని చర్చించడానికి శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. ఉపగ్రహం నీటి పైపొరను మాత్రమే చూడగలదు, అసలు సంగతంతా లోతుల్లో ఉంటుంది కదా అన్న అనుమానం అప్పటి సముద్ర శాస్త్రవేత్తల్లో చాలామందికి ఉండేది. ఆ అనుమానం న్యాయమైనదే. పైపొరలోనే లోతుల జాడ కూడా ఉంటుందని తర్వాతి ఇరవై ఏళ్లలో తెలిసింది.

సీశాట్ పేరే అన్నిచోట్లా ఎందుకు వినిపిస్తుంది?

పూర్తిగా సముద్రం కోసమే తయారైన తొలి ఉపగ్రహం అది. నాసా తరఫున జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఈ పని చూసుకుంది. 1978 జూన్ 27న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి బయలుదేరి, సుమారు 800 కి.మీ. ఎత్తున రోజుకు 14 సార్లు భూమి చుట్టూ తిరిగింది. 36 గంటల్లో ప్రపంచ సముద్రాల్లో 95 శాతాన్ని చూసేది.

దాని మీద ఐదు పరికరాలుండేవి: నీటి ఎత్తు కొలిచే రాడార్ ఆల్టిమీటర్, గాలిని కొలిచే స్కాటరోమీటర్, చిత్రాలు తీసే సింథటిక్ అపర్చర్ రాడార్, నీటి వేడిని, గాలిలోని తేమను చూసే మైక్రోవేవ్ రేడియోమీటర్, మామూలు కాంతిలోనూ పరారుణంలోనూ చూసే మరో రేడియోమీటర్. ఇవన్నీ ఒకే ఉపగ్రహం మీద, ఒకే సమయంలో పనిచేయడం అదే మొదటిసారి. అక్టోబరు 10న విద్యుత్ సరఫరా ఆగిపోయింది. మొత్తం 105 రోజులు. ఇవాళ సముద్రాన్ని చూసే రాడార్ ఉపగ్రహం దేని వంశవృక్షం తీసినా ఈ 105 రోజుల దగ్గరికే చేరుతుంది.

జలాంతర్గాముల జాడ కనిపెట్టేస్తోందని కావాలనే ఆపేశారట, నిజమేనా?

ఈ కథ చాలాకాలంగా తిరుగుతోంది. విచారణ కమిటీ చెప్పిన కారణం వేరు. సోలార్ ప్యానెళ్లు సూర్యుడి వైపు తిరుగుతూ ఉండాలి, వాటి కరెంటు ఉపగ్రహం లోపలికి రావాలి. ఈ రెంటి మధ్య ఉండే స్లిప్ రింగ్ భాగంలో షార్ట్ సర్క్యూట్ అయింది. దాంతో బ్యాటరీలు ఖాళీ అయ్యాయి.

పుకారు కన్నా కమిటీ చెప్పిన రెండో మాట నాకు ముఖ్యం. పరికరాలను మోసే ప్రధాన భాగాన్ని అజీనా రాకెట్ దశ ఆధారంగా తయారుచేశారు. అది అప్పటికే ఎన్నోసార్లు ఎగిరింది కాబట్టి నమ్మకమైనదే అనుకుని, దాన్ని కొత్త పరికరాలంత గట్టిగా పరీక్షించలేదు. కొత్త రాడార్లన్నీ చక్కగా పనిచేశాయి, పాతదే కదా అని వదిలేసిన చోట దెబ్బ తగిలింది. ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చాలా విషయాలు నేర్పుతుంది.

800 కిలోమీటర్ల పైనుంచి సెంటీమీటర్లలో ఎలా కొలుస్తారు?

ఆల్టిమీటర్ నేరుగా కిందికి రాడార్ తరంగాన్ని పంపి, అది నీటికి తగిలి తిరిగొచ్చే సమయాన్ని లెక్కపెడుతుంది. కాంతి ఒక నానోసెకనులో 30 సెం.మీ. ప్రయాణిస్తుంది. అంటే నానోసెకనులో చిన్న భాగాన్ని కూడా పట్టుకోగలిగితేనే సెంటీమీటర్ల మాట. ఒక్కో తరంగంతో అది సాధ్యం కాదు, సెకనుకు వందల తరంగాలు పంపి సగటు తీస్తారు.

కానీ గడియారంతో సగం పనే అవుతుంది. ఉపగ్రహం సరిగ్గా ఎంత ఎత్తున ఉందో తెలియకపోతే కింద నీటి ఎత్తు తెలియదు. అందుకని నేల మీది లేజర్ కేంద్రాల నుంచి ఉపగ్రహాన్ని వెంటాడి కక్ష్యను లెక్కగట్టారు. గాలిలోని తేమ తరంగాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది, దాన్ని పక్కనే ఉన్న మైక్రోవేవ్ రేడియోమీటర్ చూసి చెప్పాలి. అలలు ఎత్తుగా ఉంటే తిరిగొచ్చే తరంగం ఆకారం సాగుతుంది, ఆ సాగుదలను బట్టి అలల ఎత్తు కూడా దొరుకుతుంది.

స్కైలాబ్‌లో కొలత సుమారు ఒక మీటరు తేడాతో వచ్చేది. జియోస్-3 దాన్ని కొన్ని పదుల సెంటీమీటర్లకు తగ్గించింది. సీశాట్ పరికరం 10 సెంటీమీటర్ల లోపుకు వచ్చింది. ఐదేళ్లలో ఇంత మెరుగుదల ఆశ్చర్యమే. చివరి వారాల్లో సీశాట్‌ను మూడు రోజులకోసారి అదే దారిలో వెళ్లేలా కక్ష్య మార్చారు. ఒకే గీత మీద పదే పదే కొలవడంతో, ఏ చోట నీటి ఎత్తు రోజురోజుకూ మారుతోందో బయటపడింది. గల్ఫ్ స్ట్రీమ్, జపాన్ పక్కనున్న కురోషియో, ఆఫ్రికా దక్షిణాన అగుల్హాస్, అంటార్కిటికా చుట్టూ తిరిగే ప్రవాహం, ఈ నాలుగు చోట్లా సుడులు ఎంత బలంగా ఉన్నాయో ప్రపంచ పటం మీద గుర్తించగలిగారు. కేవలం మూడున్నర వారాల డేటాతో!

నీటి పైభాగం చూసి అడుగున ఉన్న కొండలు ఎలా తెలుస్తాయి?

సముద్రం ఉపరితలం చదునుగా ఉండదు. అడుగున పెద్ద కొండ ఉంటే దాని అదనపు ద్రవ్యరాశి చుట్టుపక్కల నీటిని తన వైపు లాక్కుంటుంది. రెండు వేల మీటర్ల ఎత్తున్న కొండ మీద నీరు సుమారు రెండు మీటర్లు ఉబ్బుతుంది. లోతైన అగాధాల మీద పల్లం పడుతుంది. ఆ వాలు పదుల కిలోమీటర్లలో పరుచుకుని ఉండటంతో ఓడలో వెళ్లేవాళ్లకు ఏమీ తెలియదు, ఆల్టిమీటర్‌కు తెలుస్తుంది.

మనకు దగ్గర్లోనే ఇందుకు గొప్ప ఉదాహరణ ఉంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో, గురుత్వాకర్షణ తక్కువగా ఉన్న కారణంగా, సముద్ర ఉపరితలం భూమికి లెక్కగట్టిన నునుపైన ఆకారం కన్నా వంద మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. ప్రపంచంలో ఇంతకన్నా లోతైన పల్లం మరెక్కడా లేదు. దీనికి కారణం మాత్రం సముద్రపు అడుగున కాదు, ఇంకా కిందనున్న భూమి లోపలి పొరల్లో ఉంది.

అమెరికాలోని లామాంట్-డోహెర్టీ పరిశోధన కేంద్రంలో పనిచేసిన విలియం హాక్స్‌బీ సీశాట్ కొలతలతో 1983లో సముద్రాల గురుత్వాకర్షణ పటం తయారుచేశారు. అగాధాలు, మధ్య సాగర పర్వత శ్రేణులు, ఆ శ్రేణులను అడ్డంగా కోసే పగుళ్లు, అన్నీ ఒకే పటంలో కనిపించాయి. భూమి పలకలు కదులుతాయన్న సిద్ధాంతాన్ని పాఠంలో చదివినవాళ్లు ఆ కదలిక మిగిల్చిన గీతలను కళ్లారా చూశారు.

తర్వాత జియోశాట్ మరింత దగ్గర దగ్గర గీతల మీద 18 నెలలు కొలిచింది. జలాంతర్గాముల నుంచి వదిలే క్షిపణుల గురికి గురుత్వాకర్షణ వివరాలు పనికొస్తాయి కాబట్టి నౌకాదళం ఆ డేటాను రహస్యంగా ఉంచింది. ఐరోపా వాళ్ల ఉపగ్రహం ఈఆర్ఎస్-1 అలాంటి కొలతలే తీసి అందరికీ ఇచ్చాక ఇక దాచి లాభం లేకపోయింది. 1995లో బయటపెట్టారు. రెండేళ్లకే, 1997లో, వాల్టర్ స్మిత్, డేవిడ్ శాండ్‌వెల్ ఈ రెండు డేటాలనూ ఓడల లోతు కొలతలతో కలిపి సముద్రపు అడుగు పటాన్ని ప్రచురించారు. దాచిన డేటా అన్నాళ్లూ శాస్త్రానికి పనికిరాకుండా పడి ఉండటం నాకైతే బాధగానే అనిపిస్తుంది.

గాలి కనిపించదు కదా, దాన్ని ఎలా కొలిచారు?

గాలి వీచినప్పుడు నీటి మీద సెంటీమీటర్ల పొడవుండే చిన్న చిన్న ముడతలు లేస్తాయి. రాడార్ తరంగం ఏటవాలుగా తగిలితే, ముడతలు ఎక్కువగా ఉన్నచోటు నుంచి ఎక్కువ శక్తి వెనక్కి వస్తుంది. గాలికి ఎదురుగా చూస్తే ఒకలా, అడ్డంగా చూస్తే ఒకలా వస్తుంది. వేర్వేరు కోణాల్లో చూసి వేగాన్ని, దిశను లెక్కగడతారు.

సీశాట్ ఒక్కో చోటును రెండు కోణాల్లోనే చూడగలిగింది. దాంతో ఒకే కొలతకు నాలుగు దిశల వరకు జవాబుగా వచ్చేవి. అందులో సరైనదాన్ని వాతావరణ నిపుణులు కూర్చుని, పటాలు చూసుకుంటూ చేత్తో ఎంచుకోవాల్సి వచ్చింది. తర్వాతి స్కాటరోమీటర్లకు అదనపు చూపులు పెట్టింది ఈ చిక్కు వల్లే.

1978 సెప్టెంబరులో ఉత్తర అట్లాంటిక్‌లో ఒక తుపాను అంచనాలకు అందకుండా ఒక్కసారిగా బలపడి, క్వీన్ ఎలిజబెత్-2 అనే ప్రయాణికుల ఓడను దెబ్బతీసింది. చేపల వేటకెళ్లిన మరో ఓడ మునిగిపోయింది. ఆ సమయంలో సీశాట్ ఆ తుపాను మీదుగా వెళ్లింది. దాని గాలి కొలతలు ఆ తర్వాత, తుపాను అంత వేగంగా ఎలా బలపడిందో అర్థం చేసుకోవడానికి ఉపయోగపడ్డాయి. ఆ కొలతలు అప్పటికప్పుడు ముందస్తు హెచ్చరికలు ఇచ్చేవాళ్ల చేతికి అందితే ఎంత బాగుండేదన్న ఆలోచనే తర్వాతి తరం ఉపగ్రహాలకు గట్టి కారణమైంది. ఇస్రో 2009లో ఓషన్‌శాట్-2 మీద, 2016లో స్కాట్‌శాట్-1 మీద పెట్టినవి ఈ జాతి పరికరాలే.

సముద్రం రంగుతో ఏం తెలిసింది?

నింబస్-7 మీద ఉన్న కోస్టల్ జోన్ కలర్ స్కానర్ నీటి రంగును చూసి అందులోని క్లోరోఫిల్‌ను, అంటే నీటిలో తేలే, కంటికి కనిపించని మొక్కలైన వృక్ష ప్లవకాలను అంచనా వేసింది. ఉపగ్రహానికి చేరే కాంతిలో 90 శాతం వరకు గాలి నుంచే వస్తుంది, నీటి నుంచి వచ్చేది కొంచెమే. గాలి వాటాను తీసేసే లెక్కను హోవర్డ్ గోర్డన్ వంటి శాస్త్రవేత్తలు కష్టపడి రూపొందించారు. ప్రయోగంగా ఒక ఏడాది నడిస్తే చాలనుకున్న పరికరం 1986 దాకా పనిచేసింది. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగ క్రియలో దాదాపు సగం సముద్రంలోనే జరుగుతోందని 1998లో వేసిన లెక్కకు ఈ పాత డేటానే ఆధారం.

మన మత్స్యకారులకు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి తెలుగులో కూడా అందే చేపల వేట ప్రాంతాల సూచనలు ఈ దారిలోనే వచ్చాయి. క్లోరోఫిల్, నీటి వేడి ఎక్కడ చటుక్కున మారుతున్నాయో చూసి చేపలు చేరే చోట్లను అంచనా వేస్తారు.

ఈ ఉపగ్రహాలు తప్పు చెప్పిన సందర్భాలు లేవా?

ఉన్నాయి, వాటిని దాచాల్సిన పని లేదు. 1982 వసంతంలో మెక్సికోలో ఎల్ చిచోన్ అగ్నిపర్వతం పేలింది. అది చిమ్మిన సూక్ష్మ కణాలు పై వాతావరణంలో పరుచుకుని, ఉపగ్రహాల పరారుణ కొలతల్లో నీరు అసలు కన్నా చల్లగా ఉన్నట్టు చూపించాయి. సరిగ్గా అదే ఏడాది పసిఫిక్‌లో ఆ శతాబ్దపు పెద్ద ఎల్‌నినోల్లో (భూమధ్యరేఖ దగ్గర నీరు మామూలు కన్నా బాగా వేడెక్కడం) ఒకటి మొదలైంది. ఓడల నుంచి వచ్చిన వేడి కొలతలు మరీ ఎక్కువగా ఉన్నాయని కంప్యూటర్లు పక్కన పెట్టేశాయి, ఉపగ్రహాలేమో చల్లగానే ఉందన్నాయి. అది ముదిరేదాకా ఎల్‌నినో అని చాలామంది గుర్తించలేదు. ఆ దెబ్బతోనే భూమధ్యరేఖ వెంట పసిఫిక్‌లో తేలే కొలత కేంద్రాల వరుస ఏర్పాటైంది.

టోపెక్స్/పొసైడాన్ తొలి ఏళ్లలో కూడా ఒక సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల మట్టం పెరుగుదల అసలు కన్నా ఎక్కువగా కనిపించింది. రేవుల్లోని పరికరాలతో పోల్చి చూడటం వల్లే అది దొరికింది. సీశాట్ విషయంలోనూ అంతే. అలాస్కా సింధుశాఖలో, స్కాట్లండ్ దగ్గర 1978 వేసవిలో ఓడలు, విమానాలు, తేలే పరికరాలతో ఏకకాలంలో కొలిచారు కాబట్టే దాని గాలి కొలతలను నమ్మగలిగారు. కింద కొలిచేవాళ్లు లేకుండా పైనుంచి కొలిచినదానికి విలువ ఉండదు. ఉపగ్రహాలు వచ్చాక ఓడలెందుకు అనేవాళ్లకు ఈ రెండు కథలూ చెప్పాలి.

రాడార్ చిత్రాలు నేల మీద కూడా ఉపయోగపడ్డాయా?

ఊహించనంతగా. సీశాట్ చిత్ర రాడార్ డేటాను ఉపగ్రహంలో దాచుకునే వీలుండేది కాదు, నేల మీది కేంద్రానికి కనుచూపులో ఉన్నప్పుడే పంపాలి. అందుకే మొత్తం కలిపి 42 గంటల డేటానే ఉంది. మేఘాలున్నా, రాత్రయినా 25 మీటర్ల స్పష్టతతో, 100 కి.మీ. వెడల్పున చూసేది. నీటి లోపల కదిలే అంతర్గత అలల గుర్తులు పైన బారులు బారులుగా కనిపించాయి. లోతు తక్కువున్న చోట్ల అడుగున ఇసుక మేటల ఆకారం కూడా కనిపించింది.

1989లో గాబ్రియేల్, గోల్డ్‌స్టీన్, జెబ్కర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు, అప్పటికి పదకొండేళ్లు పాతబడిన సీశాట్ డేటాను మళ్లీ తీశారు. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ మీద వేర్వేరు రోజుల్లో తీసిన రాడార్ డేటాను పోల్చి, నీళ్లు పెట్టిన పొలాల్లో మట్టి ఉబ్బడాన్ని సెంటీమీటర్ల స్థాయిలో పట్టుకున్నారు. సముద్రం కోసం పంపిన ఉపగ్రహం చనిపోయాక, పొలంలో మట్టి ఎంత ఉబ్బిందో చెప్పింది! ఇవాళ భూకంపం తర్వాత నేల ఎంత జరిగింది, భూగర్భ జలాలు తోడేసిన నగరం ఎంత కుంగింది అని చెప్పే పద్ధతికి ఇది తొలి అడుగు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన, నాసా, ఇస్రో కలిసి చేసిన ఉపగ్రహం నైసార్ కూడా అదే పని చేస్తుంది. అందులో నాసా ఇచ్చిన రాడార్ ఎల్ బ్యాండ్ అనే రేడియో తరంగాల శ్రేణిలోనే పనిచేస్తుంది, సీశాట్ రాడార్ బ్యాండ్ కూడా అదే.

సముద్ర మట్టం పెరుగుదలకు ఈ పాత డేటా సరిపోతుందా?

సరిపోదు. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల మార్పును పట్టుకోవాలంటే ఏళ్ల తరబడి ఆగకుండా, ఒక ఉపగ్రహాన్ని ఇంకోదానితో సరిచూసుకుంటూ కొలవాలి. అలాంటి రికార్డు 1992 ఆగస్టులో ఎగిరిన టోపెక్స్/పొసైడాన్‌తో మొదలైంది. వాల్టర్ మంక్ వంటి మహా శాస్త్రవేత్త దాన్ని అన్ని కాలాల్లోకీ విజయవంతమైన సముద్ర ప్రయోగంగా మెచ్చుకున్నారు. జేసన్ వరుస, సెంటినెల్-6 దాన్ని కొనసాగించాయి. ఆ రికార్డు ప్రకారం ప్రపంచ సగటు సముద్ర మట్టం 1993 నుంచి 10 సెంటీమీటర్లకు పైగా పెరిగింది, పెరిగే వేగం కూడా పెరిగింది. సీశాట్ ఆగిపోయాక వెంటనే రెండోది పంపి ఉంటే ఈ రికార్డు ఇంకో పన్నెండేళ్లు ముందే మొదలయ్యేది.

మంచు విషయంలో మన అదృష్టం బాగుంది. నింబస్-7 మైక్రోవేవ్ పరికరం, కరెంటు చాలక రోజు విడిచి రోజు పనిచేసినా, 1978 చివరి నుంచి ధ్రువాల దగ్గరి సముద్రపు మంచును నమోదు చేసింది, తర్వాతి ఉపగ్రహాలు ఆ వరుసను తెగనివ్వలేదు. ఆర్కిటిక్‌లో సెప్టెంబరు నాటి మంచు దశాబ్దానికి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతోందని ధీమాగా చెప్పగలుగుతున్నది అందుకే. అంతకన్నా ముందు, నింబస్-5 ఇంకో వింత చూపించింది. 1974 నుంచి 1976 వరకు మూడు చలికాలాలు అంటార్కిటికా పక్కన వెడెల్ సముద్రపు మంచు మధ్యలో, దాదాపు రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినంత మేర, మంచు లేని నీరు కనిపించింది. అంత పెద్దది మళ్లీ ఏర్పడలేదు. ఆ పాత రికార్డు లేకపోతే అలాంటిది జరుగుతుందనే మనకు తెలిసేది కాదు.

ఇందులో మన దేశం వాటా ఎంత?

భాస్కర-1ను 1979 జూన్ 7న సోవియట్ యూనియన్‌లోని కపుస్తిన్ యార్ నుంచి ప్రయోగించారు. దాని మీదున్న సమీర్ అనే మైక్రోవేవ్ రేడియోమీటర్ సముద్రం మీద తేమను, నీటి పరిస్థితిని చూసింది. 1981లో భాస్కర-2 వెళ్లింది. సీశాట్ ఎగిరిన ఏడాదికే మనవాళ్లు అలాంటి పరికరం సొంతంగా తయారుచేసుకున్నారంటే చిన్న సంగతి కాదు. 1999 మే 26న ఓషన్‌శాట్-1, 2013 ఫిబ్రవరి 25న ఫ్రాన్స్‌తో కలిసి చేసిన సరళ్, 2022 నవంబరులో ఓషన్‌శాట్-3, అన్నీ శ్రీహరికోట నుంచే వెళ్లాయి.

2004 డిసెంబరు 26 సునామీ సమయంలో, భూకంపం వచ్చిన సుమారు రెండు గంటలకు జేసన్-1, టోపెక్స్/పొసైడాన్ అనుకోకుండా హిందూ మహాసముద్రం మీదుగా వెళ్లాయి. నడిసముద్రంలో సునామీ అల 60 సెంటీమీటర్ల ఎత్తే ఉందని అవి నమోదు చేశాయి. ఆ డేటా విశ్లేషణ పూర్తయ్యేసరికి తీరం ఎప్పుడో దెబ్బతింది కాబట్టి హెచ్చరికకు పనికిరాలేదు. కానీ సునామీ లెక్కలు కట్టే కంప్యూటర్ నమూనాలను సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి కొలత అంతకుముందు లేదు. మనకు సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో ఇన్‌కాయిస్‌లోనే వచ్చింది.

ఆ పాత డేటాను ఇప్పుడు మామూలు మనుషులు చూడొచ్చా?

చూడొచ్చు. సీశాట్ రాడార్ డేటాను మొదట్లో ఎక్కువగా ఫిల్ము మీద ముద్రించారు, డిజిటల్‌గా మార్చాలంటే అప్పటి కంప్యూటర్లకు ఒక్క చిత్రానికే గంటల తరబడి పట్టేది. టేపులు మూడు దశాబ్దాలకు పైగా అలాగే ఉండిపోయాయి. అలాస్కా శాటిలైట్ ఫెసిలిటీ వాటిని ఓపిగ్గా చదివించి, లోపాలు సరిచేసి, 2013లో డిజిటల్ చిత్రాలుగా విడుదల చేసింది. ఉచితంగా ఖాతా తెరిచి దించుకోవచ్చు. కలర్ స్కానర్ డేటా నాసా ఓషన్ కలర్ సైట్లో ఉంది. టోపెక్స్ నుంచి ఇప్పటిదాకా నీటి ఎత్తు పటాలు కోపర్నికస్ మెరైన్ సర్వీసులో దొరుకుతాయి.

కొత్తగా మొదలుపెట్టే విద్యార్థులకు నా సలహా: ముందు నీటి ఎత్తు పటాలు తీసుకోండి, ఫైళ్లు చిన్నవి, అర్థం చేసుకోవడం తేలిక. బంగాళాఖాతాన్ని మాత్రమే కత్తిరించి, తుపాను వచ్చిన ఒక నెలకు ముందూ తర్వాతా నీటి ఎత్తును పోల్చి చూడండి. ఎత్తు ఎక్కువగా ఉన్న చోట కింద వెచ్చని నీరు లోతుగా ఉంటుంది, తుపానుకు బలం అక్కడే దొరుకుతుంది. రాడార్ చిత్రాలు ఆ తర్వాత చూడొచ్చు. వాటిని తెరవడానికి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్, కాస్త ఓపిక, మంచి కంప్యూటర్ కావాలి.